మెత్తబరిచిన వైరస్‌కు ఎంత బలం ఉండాలి?

(హనుమకొండలో సైన్స్ దినోత్సవం సందర్భంగా వెటర్నరీ, బయోటెక్నాలజీ విద్యార్థులు, కొందరు కోళ్ల రైతుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినిపిస్తోందా? సరే.

ముందు కోళ్లు పెంచేవాళ్లు ఒకసారి చేతులెత్తండి. పరకాల వైపు నుంచి కూడా వచ్చినట్టున్నారు, సంతోషం. ఇప్పుడు చేయెత్తిన ప్రతి ఒక్కరూ బతికున్న వైరస్‌ను టీకాగా వాడినవాళ్లే. కోడిపిల్లకు వారం రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో వేస్తారు చూడండి, లసోటా చుక్క, అది కొక్కెర తెగులు వైరస్సే. పుట్టుకతోనే మెతక రకం కాబట్టి పిల్ల చావదు. ఆరేడు వారాలకు సూదితో ఇచ్చే ఆర్2బి కథ వేరు. ముదురు వైరస్‌ను తెచ్చి, కోడిగుడ్లలో మళ్లీ మళ్లీ పెంచి, దాని పొగరు తగ్గించారు. ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో 1940లలో జరిగిన పని అది. ఇప్పటికీ మన ఊళ్లలో నడుస్తోంది.

మనుషుల ఫ్లూకి కూడా ఇలాంటి ముక్కు టీకా ఒకటి ఉంది. దాన్ని ఇంకా మెరుగుపరచాలని చాలా ల్యాబుల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఆ మెరుగైన రకాలను జంతువుల్లో ఎట్ల పరీక్షిస్తారు, ఆ పరీక్షను ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే నా మాట. కరోనా సమయంలో మన హైదరాబాద్ నుంచి వచ్చిన ముక్కు టీకాతో దీన్ని కలపొద్దు. అది అడినోవైరస్ అనే వేరే వైరస్ మీద ఎక్కించిన టీకా. నేను చెప్పేది అసలు ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌నే మెత్తబరిచి ముక్కులో కొట్టడం గురించి.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో హునెయిన్ మాసబ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. ఆన్ ఆర్బర్ పట్టణంలో 1960లో దొరికిన ఒక ఫ్లూ వైరస్‌ను తీసుకుని కోడిపిల్ల కిడ్నీ కణాల్లో పెంచారు. పెంచుతూ పెంచుతూ వేడి తగ్గించుకుంటూ పోయారు. చివరికి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా హాయిగా పెరిగే వైరస్ తయారైంది. చలికి అలవాటు పడ్డ ఆ వైరస్ వేడికి తట్టుకోలేకపోయింది. 39 డిగ్రీల దగ్గర దాని పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. మన ముక్కు లోపల 32, 33 డిగ్రీలుంటుంది, ఊపిరితిత్తుల్లో 37. అంటే ఈ వైరస్ ముక్కులో పెరిగి ఒంటికి పాఠం నేర్పుతుంది, ఊపిరితిత్తుల దాకా పోయి న్యుమోనియా తేలేదు. 1967లో ఆయన ఈ సంగతి ప్రచురించారు. అమెరికాలో టీకాకు లైసెన్సు వచ్చింది 2003లో. మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో మీరే లెక్కేసుకోండి.

రష్యావాళ్లు విడిగా ఇంకో దారిలో పోయారు. లెనిన్‌గ్రాడ్‌లో 1957 నాటి వైరస్‌ను ఇదే పద్ధతిలో చలికి అలవాటు చేశారు. మన దేశానికి వచ్చింది ఆ రష్యన్ వంశమే. 2009 మే నెలలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే, గుర్తుందా? ఆ మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ నాసోవాక్ పేరుతో ముక్కు టీకా తెచ్చింది. దాని వెనక ఉన్నది ఆ లెనిన్‌గ్రాడ్ వైరస్సే.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఇన్‌ఫ్లుయెంజా జన్యువు ఒకే పోగు కాదు, ఎనిమిది విడివిడి ఆర్ఎన్ఏ ముక్కలు. రెండు రకాల ఫ్లూ వైరస్‌లు ఒకే కణంలో పడితే రెండు పేక కట్టలు కలిపి మళ్లీ పంచినట్టు అవుతుంది, ఏ ముక్క ఎవరికి పోతుందో తెలియదు. టీకా తయారీకి ఈ గుణమే వరం. మెత్తబరిచిన వైరస్ నుంచి లోపలి ఆరు ముక్కలు, ఈ ఏడాది తిరుగుతున్న వైరస్ నుంచి పైతొడుగు ముక్కలు రెండు, అంటే హిమాగ్లుటినిన్, న్యూరామినిడేజ్ తీసుకుంటారు. ఏటా పైతొడుగు మారుతుంది, లోపలి మెతకదనం అట్లే ఉంటుంది. ఇదే గుణం శాపం ఎక్కడ అవుతుందో పందుల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

మరి బాగానే ఉంది కదా, మెరుగుపరచడం ఎందుకు? రెండు ఫిర్యాదులున్నాయి. తమాషా ఏమిటంటే ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మొదటిది, రెండేళ్లలోపు పిల్లల్లో ఈ టీకా తరువాత పిల్లికూతలు, ఆస్పత్రిలో చేరడం ఎక్కువగా కనిపించాయి. అందుకే ఆ వయసుకు అనుమతి లేదు. అంటే చిన్నపిల్లలకు ఇది కొంచెం ఎక్కువ బలంగా ఉందన్నమాట. రెండోది, 2015-16 సీజన్‌లో అమెరికా లెక్కలు చూస్తే 2 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ముక్కు టీకా ఇచ్చిన రక్షణ 3 శాతం, సూది టీకా ఇచ్చింది 63 శాతం. మూడు శాతం అంటే లేనట్టే. వరుసగా రెండు సీజన్లు అక్కడ ముక్కు టీకా వాడొద్దన్నారు. అంటే ఇంకోచోట మరీ నీరసం. ఒకే మందు ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ. దీన్ని మెరుగుపరిచేవాడు ఆ సన్నని గీత ఎక్కడుందో వెతకాలి. గీత ఎక్కడుందో మొదట చెప్పాల్సింది జంతువే.

చిట్టెలుకతో మొదలుపెడదాం. అందరి దగ్గరా ఉంటుంది, ఖర్చు తక్కువ, ఒకే జన్యువున్న ఎలుకలు వందల్లో దొరుకుతాయి. కానీ ఫ్లూ విషయంలో అది మనిషికి దూరపు చుట్టం కూడా కాదు. ఫ్లూ వస్తే ఎలుక తుమ్మదు, దగ్గదు. జ్వరం రావడానికి బదులు ఒళ్లు చల్లబడుతుంది. మనుషుల ఫ్లూ రకాలు చాలావరకు దానికి సరిగా అంటవు, ఎలుకల్లో పదేపదే పెంచి అలవాటు చేయాలి. పైగా ల్యాబుల్లో వాడే సాధారణ జాతులకు ఎంఎక్స్1 అనే ఫ్లూ నిరోధక జన్యువు చెడిపోయి ఉంటుంది. అడవి ఎలుకకున్న రక్షణ దీనికి లేదు. అయినా ఎలుకలో ఒక కొలత మాత్రం పక్కాగా వస్తుంది, బరువు. రోజూ ఒకే వేళకు తూకం వేస్తారు. వైరస్ ముదురుదైతే మూడో రోజు నుంచి బరువు జారుతుంది. ముందే రాసుకున్న హద్దు, మామూలుగా 20 నుంచి 25 శాతం, దాటిందంటే ఆ ఎలుకను బాధ పడనివ్వకుండా ముగించేస్తారు.

ఇంకో చిక్కు ఉంది. ఆన్ ఆర్బర్ టీకా వైరస్ ఎలుకలో అంతంతమాత్రంగానే పెరుగుతుంది. పెరగని వైరస్‌ను ఇంకా మెత్తబరిస్తే తేడా ఎట్ల తెలుస్తుంది? సున్నాకు కింద కొలిచే త్రాసు లేదు కదా. ఆన్ ఆర్బర్ వైరస్‌కు వేడి పడకుండా చేసే ముఖ్యమైన మార్పులు ఐదు, అన్నీ ఆ లోపలి ముక్కల్లోనే: పీబీ1 జన్యువులో మూడు, పీబీ2లో ఒకటి, ఎన్‌పీలో ఒకటి. అమెరికాలోని రోచెస్టర్ పరిశోధకులు వీటిని పీఆర్8 అనే, ఎలుకను చంపగలిగే పాత వైరస్‌లో పెట్టారు. ఇప్పుడు ఎలుకలో కొలవగలిగే టీకా నమూనా దొరికింది. 2015లో ప్రచురించారు. దాని మీద ఇంకో మార్పు చేర్చి భద్రత పెరిగిందా, రక్షణ తగ్గిందా అని రెండూ ఒకే జంతువులో చూడొచ్చు. టీకా తయారు చేయడం కంటే టీకాను కొలిచే సాధనం తయారు చేయడం నాకు ఎక్కువ తెలివైన పనిగా అనిపిస్తుంది. దానికి మాత్రం పేపర్లో వార్త రాదు.

ఇక ఫెర్రెట్. మన దగ్గర కనిపించదు. నీటికుక్కల కుటుంబానికి చెందిన జంతువు, పొడుగాటి ఒళ్లు, పొట్టి కాళ్లు. ఫ్లూ పరిశోధన మొత్తం దీని వీపు మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు. 1933లో లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అనే ముగ్గురు, జబ్బుపడ్డ మనుషుల గొంతు కడిగిన నీళ్లను ఫెర్రెట్ ముక్కులో వేస్తే దానికి ఫ్లూ వచ్చింది. మనిషి ఫ్లూకు కారణం వైరస్ అని అట్ల తేలింది. కొన్నేళ్లకు ఒక జబ్బు ఫెర్రెట్ పరిశోధకుడి ముఖం మీదే తుమ్మింది, ఆయన మంచం పట్టారు. 1936లో దాన్ని కూడా పేపర్‌గా రాశారు! ఫెర్రెట్‌కు సర్ది అవుతుంది, జ్వరం వస్తుంది, ముక్కు కారుతుంది, తుమ్ముతుంది, పక్క బోనులో ఉన్నదానికి అంటిస్తుంది. దాని శ్వాసనాళంలో వైరస్ పట్టుకునే గ్రాహకాలు మనవాటిలాంటివే.

పరీక్ష ఎట్ల ఉంటుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పేపర్లు చదివేటప్పుడు మీరు తికమకపడేది ఇక్కడే. ముందు ప్రతి ఫెర్రెట్ రక్తం తీసి, దానికి ఇంతకుముందు ఫ్లూ తగల్లేదని నిర్ధారించుకోవాలి. సర్దితో ఉన్న పనివాడు గదిలోకి పోయాడంటే ప్రయోగం మొత్తం గంగపాలు. ఆ గదుల్లో మనుషుల నుంచి జంతువులను కాపాడటమే పెద్ద డ్యూటీ. తరువాత గుంపులు చేస్తారు. ఒక గుంపుకు ఉత్త ద్రావణం, ఒకదానికి పాత టీకా, ఒకదానికి కొత్త టీకా, వీలైతే ఇంకోదానికి మెత్తబరచని అసలు వైరస్. ఈ చివరి గుంపు లేకపోతే "మా టీకా మెతకది" అన్న మాటకు పోలిక ఉండదు. మూడు నాలుగు రోజులకు కొన్నింటి ముక్కు లోపలి పొరలు, ఊపిరితిత్తులు తీసి వైరస్ లెక్కిస్తారు. ముక్కులో ఉండాలి, ఊపిరితిత్తుల్లో ఉండకూడదు.

ఇక్కడొక మెలిక. ఫెర్రెట్ ఒంటి వేడి మనకంటే ఎక్కువ, 38, 39 దగ్గర ఉంటుంది. వేడి పడని వైరస్ దాని ఊపిరితిత్తుల్లో ఎట్లాగూ పెరగలేదు. కాబట్టి ఫెర్రెట్ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని చూసి ఏడాది పిల్లాడి ఊపిరితిత్తులు కూడా అంతే శుభ్రంగా ఉంటాయని సంబరపడితే తొందరపాటే.

మూడు నాలుగు వారాలకు రక్తంలో యాంటీబాడీ చూస్తారు. సూది టీకాకైతే ఆ లెక్క చాలు. ముక్కు టీకాకు చాలదు. రక్తంలో యాంటీబాడీ తక్కువగా ఉన్నా ముక్కు పొరలో ఐజీఏ అనే రకం యాంటీబాడీ ఉంటే రక్షణ రావచ్చు. అందుకని ముక్కు కడిగిన నీళ్లూ చూడాలి. అప్పుడు అసలు పరీక్ష: నిజమైన వైరస్‌ను ఎక్కించడం. టీకాకు సరిపోలే వైరస్ ఒకసారి, కొంచెం మారిన వైరస్ ఇంకోసారి. మారిన దాని మీద ఎంత నిలబడింది అన్నదే మెరుగుదలకు గీటురాయి.

ఇంకా రెండు ప్రశ్నలుంటాయి, బతికున్న టీకాకు మాత్రమే ఉండే ప్రశ్నలు. మెత్తబడ్డది మళ్లీ ముదురుతుందా? దానికి టీకా వేసిన జంతువు నుంచి వైరస్ తీసి రెండోదానికి, దాని నుంచి మూడోదానికి, ఇట్ల వరుసగా ఎక్కించి చివర్లో జన్యువు చదువుతారు. పక్కవాళ్లకు అంటుతుందా? దానికి టీకా వేయని జంతువును అదే బోనులో ఉంచుతారు, లేదా చిల్లుల గోడ అవతల ఉంచుతారు. మనుషుల్లో ఇది ఫిన్లాండ్‌లో చూశారు. డే కేర్‌లో 197 మంది చిన్నపిల్లల్లో సగం మందికి టీకా, సగం మందికి ఉత్త ద్రావణం ఇస్తే, టీకా తీసుకోని ఒక పిల్లాడికి టీకా వైరస్ చేరినట్టు తేలింది. ఆ వైరస్ మెతకగానే ఉంది. ఒక్కటే కదా అని కొట్టిపారేయలేం, అంటుతుంది అన్నమాటే కదా.

ఇప్పుడు ఆ మూడు శాతం కథకు వద్దాం. లైసెన్సుకు కావలసిన పరీక్షలన్నీ పాసైన టీకా పిల్లల ముక్కులో ఎందుకు చతికిలబడింది? మొదట వేడికి చెడిపోయిందన్నారు. 2009 నాటి హెచ్1ఎన్1, అంటే ఆ స్వైన్ ఫ్లూ వైరస్, దాని పైతొడుగులో నిలకడ తక్కువ, నిజమే. దాన్ని తీసి బొలీవియా నుంచి వచ్చిన రకం పెట్టారు. ఫలితం మారలేదు. తరువాత తవ్వి చూస్తే అసలు సంగతి వేరే. ఆ హెచ్1ఎన్1 టీకా వైరస్ మనిషి ముక్కు కణాల్లో బలహీనంగా పెరుగుతోంది. ఒంటరిగా ఇస్తే ఎట్లో నెట్టుకొస్తుంది. కానీ అప్పటికి టీకాలో నాలుగు వైరస్‌లు కలిపి ఇస్తున్నారు. బలమైన మూడు ముక్కును ఆక్రమించుకుంటే ఇది వెనకబడింది. 2021లో ఆ తయారీ కంపెనీ శాస్త్రవేత్తలే దీన్ని ప్రచురించారు. స్లోవేనియా రకం పెట్టాక 2018-19 నుంచి మళ్లీ సిఫార్సు మొదలైంది.

ఫెర్రెట్ అబద్ధం చెప్పిందా? లేదు. అడిగిన ప్రశ్న సరిగా లేదు. ఎప్పుడూ ఫ్లూ ఎరగని జంతువుకు దండిగా డోసు వేసి "పట్టిందా?" అంటే పట్టిందనే చెబుతుంది. డోసు తగ్గించుకుంటూ పోయి ఎక్కడ పట్టడం ఆగుతుందో చూడాలి. నాలుగింటినీ కలిపి ఇచ్చి చూడాలి. ముందే ఒకసారి ఫ్లూ తగిలిన ఫెర్రెట్‌లో చూడాలి, ఎందుకంటే బడికి పోయే పిల్లవాడి ముక్కు కొత్త ముక్కు కాదు. ఇవాళ నా దగ్గరికి ఎవరైనా మెరుగైన టీకా పేపర్ తెస్తే బొమ్మలు, గ్రాఫులు తరువాత, ముందు డోసు ఎంత, జంతువుకు పాత ఫ్లూ ఉందా లేదా అని చూస్తాను. మీరూ చూడండి.

కొత్త దారుల గురించి త్వరగా చెప్పేస్తాను. 1999 నుంచి ఫ్లూ వైరస్‌ను ప్లాస్మిడ్‌లు అనే గుండ్రటి డీఎన్ఏ ముక్కల నుంచి కోరినట్టు తయారుచేసే పద్ధతి వచ్చింది. దాంతో మాసబ్ లాగా ఏళ్ల తరబడి ఎదురుచూడక్కర్లేదు. ఒక దారి ఎన్ఎస్1ను కత్తిరించడం. మన ఒంట్లో ఇంటర్‌ఫెరాన్ అలారాన్ని నోరు మూయించే ప్రొటీన్ అది. అది లేకపోతే అలారం గట్టిగా మోగుతుంది, వైరస్ త్వరగా చస్తుంది, రోగనిరోధకత బాగా లేస్తుంది. ఇంకో దారి 2010లో అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. ప్రొటీన్ ఒక్కటీ మారదు, దాన్ని రాసిన జన్యు అక్షరాలను మాత్రం వందల చోట్ల మార్చి, కణానికి చదవడం కష్టం చేశారు. ఐదు మార్పులున్న వైరస్ వెనక్కి తిరగడం ఊహించొచ్చు, వందల మార్పులున్నది తిరగడం కష్టం. ఎలుకల్లో బాగా పనిచేసింది.

ఎన్ఎస్1 కత్తిరించిన టీకాకు 2017లో అమెరికాలో పందులకు లైసెన్సు వచ్చింది. పరీక్షల్లో బాగుంది. ఫారాల్లోకి పోయాక టీకా వైరస్ ముక్కలు అక్కడి పందుల ఫ్లూ వైరస్‌ల్లో కలిసిపోయినట్టు 2020లో బయటపడింది. ఇందాక శాపం అన్నది ఇదే. బోనులో పెట్టిన పరీక్షలో ఒకే వైరస్ ఉంటుంది, ఫారంలో ఎప్పుడూ ఇంకోటి ఉంటుంది.

జంతువుల సంక్షేమం గురించి అడుగుతారని తెలుసు. మన దేశంలో 1960 జంతుహింస నివారణ చట్టం కింద ఒక కమిటీ ఉంది. ప్రతి సంస్థలోని నైతిక కమిటీ అనుమతి లేనిదే ఒక్క ఎలుకను కూడా ముట్టుకోవడానికి లేదు. 2023లో క్లినికల్ ట్రయల్స్ నియమాలను సవరించి జంతువులు లేని పద్ధతులకు కూడా చోటిచ్చారు. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, ఫెర్రెట్లు లేకుండా మన దగ్గర ఇలాంటి పని చేయొచ్చా?)

చేయొచ్చమ్మా. ఎలుకలు, హ్యామ్‌స్టర్లు ఉన్నాయి. పెద్ద జంతువుల కోసం జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ కేంద్రం ఉంది, హైదరాబాద్ పక్కనే. అన్నిటికంటే ముందు మనిషి ముక్కు కణాలను పల్చటి పొరగా, పైన గాలి తగిలేట్టు పెంచే పద్ధతి నేర్చుకో. ఆ బొలీవియా వైరస్ బలహీనత పట్టిచ్చింది అలాంటి కణాలే.

(ఒక కోళ్ల రైతు: డాక్టర్ సాబ్, కొక్కెర తెగులుకు చుక్క ఉంది కదా, బర్డ్ ఫ్లూకు అట్లాంటి చుక్క ఎందుకు లేదు? పోయినసారి గోదావరి జిల్లాల్లో వస్తే ఇక్కడ మా కోళ్లు కొనేవాడు లేడు.)

మంచి ప్రశ్న అన్నా. 2025 ఫిబ్రవరిలో అక్కడ హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చికెన్ ధర ఎట్ల పడిందో అందరం చూశాం. కొక్కెర తెగులు వైరస్ జన్యువు ఒకే పోగు. లసోటా ఇంకో వైరస్‌తో ముక్కలు మార్చుకోలేదు. ఫ్లూ మార్చుకుంటుంది. మీ ఫారంలో వేల కోళ్లకు బతికున్న హెచ్5 చుక్క వేశాక బయటి నుంచి ఇంకో ఫ్లూ వచ్చిందంటే రెండూ కలిసి ఏది పుడుతుందో ఎవరూ చెప్పలేరు. హెచ్5కు ఇంకో బుద్ధి ఉంది, మెతకగా ఉన్నది కోళ్లలో తిరుగుతూ తిరుగుతూ చంపే రకంగా మారగలదు. పోనీ మాసబ్ పద్ధతిలో వేడి పడకుండా చేద్దామంటే కోడి ఒంటి వేడి 41 డిగ్రీలు. ఆ వైరస్ అందులో మొలకెత్తడమే కష్టం, ఇక టీకాగా ఏం పనిచేస్తుంది.

హెచ్5ఎన్1కు మన దేశంలో ఇప్పటికీ విధానం ఏరివేతే, అంటే జబ్బు వచ్చిన చోట కోళ్లను చంపేయడమే. గుడ్ల దిగుబడి తగ్గించే హెచ్9ఎన్2 వేరు, దానికి భోపాల్‌లోని ఐసీఏఆర్ సంస్థ చంపిన వైరస్ టీకా తయారుచేసింది. అది సూది, ఒక్కో కోడినీ పట్టుకోవాలి. నీళ్లలో కలిపి తాగించే సుఖం దానికి లేదు. బతికున్న టీకా సుఖం కావాలనుకున్నవాళ్లు ఇంకో దారి పట్టారు. మారెక్స్ అనే కోళ్ల జబ్బు రాకుండా ఒకరోజు పిల్లకు హ్యాచరీలోనే వేస్తారు కదా, టర్కీ హెర్పిస్ వైరస్, దానికే హెచ్5 జన్యువు ఒక్కటి అతికించారు. కొన్ని దేశాల్లో వాడుతున్నారు. అది బతికున్న టీకాయే, కానీ లోపల ఉన్నది ఫ్లూ ముక్క ఒక్కటే. మిగతా ఏడూ లేవు కాబట్టి పంచుకోవడానికి ఏమీ లేదు.